వంటామె పేరు తెలియని ఫ్రెంచి దొర

ఫ్రాన్సు దేశపు రాజవంశం మనిషికి మూడేండ్లు వండిపెట్టినోణ్ణి నేను. మా జగిత్యాల దిక్కు ఎవరినన్నా అడగండి, అవునంటరు. ఎందుకనరు, వాళ్ళందరికీ చెప్పింది నేనే గదా. జనం తిరగబడి రాజును, రాణిని, ప్రభువులను వరుసపెట్టి నరికిన దేశంల, ఆ కత్తికి దొరకకుండ మిగిలిన ఒక వంశపు ఆఖరి మనిషిని సౌదీల, ఎర్రసముద్రం ఒడ్డున యాన్బులో పొద్దున కోడిగుడ్డు అట్టు, పగటికి పప్పు, పొద్దుమీకి చేప పెట్టి నిలబెట్టిన చేతులివి. ఇప్పుడు చాయ్ కప్పు పట్టుకుంటేనే వణుకుతున్నయి గని, అప్పుడు వణకలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు యాదికొచ్చిందంటే, నా బిడ్డ సుజాత యాన్బులోనే ఉంటున్నది. అల్లుడు అక్కడి ప్లాంటుల టెక్నీషియన్. విజిట్ వీసా తీసి మూడు నెలల కోసం నన్ను పిలిపించుకున్నరు. దిగిన మూడో నాడే నేను వంట చేసిన విల్లాను చూపియ్యమని అల్లుణ్ణి సతాయించిన. విల్లా లేదు. దాని జాగల మందుల దుకాణం, ముందట కార్లు పెట్టే స్థలం. అయితే రెండు గల్లీల అవతల ఒక కిరాణా దుకాణంల, గల్లా ఎనుక, తెల్లగడ్డంతో కూచున్న మనిషిని చూసి కాళ్ళు ఆగినయి. మస్తాన్ భాయ్. కడప మనిషి. ఆ కాలంల మా విల్లాకు డ్రైవరు. నన్ను ఎగాదిగా చూసి, "ఏమిరా నర్సయ్యా, ఇంగా బతికే ఉండావా?" అన్నడు. "నిన్ను చూసిపోదామని ఆగిన భాయ్" అన్న. మా ఎంట వచ్చిన సుజాత ఆయనను అడిగిన మొదటి మాట, "ఫ్రెంచి దొర నిజంగ ఉండెనా అంకుల్? మా బాపు చెప్పేటియి సగమే నమ్ముత నేను." మస్తాన్ ఉల్లిగడ్డలు తూకమేసుకుంట, "ఉన్న్యాడు తల్లీ, అంతవరకు నిజమే" అన్నడు. అంతవరకు అనే మాటను ఆయన ఎందుకంత నొక్కి పలికిండో! ఇంటికొచ్చినంక బిడ్డ నా ముందట ఒక నోటుబుక్కు పడేసి, ఉన్నది ఉన్నట్టు రాయమన్నది.

ఉన్నది ఉన్నట్టే రాస్త. నేను వంటవాణ్ణి కాదు. చాకలోళ్ళ ఇంట్ల ఇంటర్ దాకా చదివి, హెల్పర్ వీసా మీద వచ్చినోణ్ణి. ఒకనాడు ఎండల ఇటుకలు మోస్తుంటే ఫోర్మన్ వచ్చి, ఇన్‌స్పెక్టర్ల విల్లాకు వంట తెలిసినోడు కావాలన్నడు. చెయ్యి లేపిన. ఎండల నిలబడ్డోనికి అన్ని పనులూ వస్తయి. ఇంకొక కారణం కూడ ఉండె, దానికి తర్వాత వస్త. విల్లాల నలుగురు సార్లు. వాళ్ళల్ల పెద్దాయన ఎతియెన్ సార్, ఫ్రెంచాయన, యాభై దాటినయి. పైపులకు పెట్టిన అతుకులు గట్టిగున్నయా లేవా అని చూసే పని. నాకు పప్పు పెట్టుడు నేర్పింది మస్తాన్ భాయ్. అందుకే నేను వండిన పప్పంతా కడప కారంతోటి ఉండేది. ఎతియెన్ సార్ కండ్లల్ల నీళ్ళు కారుకుంటనే తిని, బాగున్నదని తల ఊపేది.

ఆ వంటింటి వాసన ఇప్పటికీ ముక్కుల ఉన్నది. గ్యాసు, మాడిన ఉల్లిగడ్డ, నేల తుడిచే మందు, వీటన్నిటి మీద సముద్రపు చెమ్మ. ఏసీ నుంచి కారే నీళ్ళకు బకీటు పెట్టి, ఆ నీళ్ళతోటే గచ్చు కడిగేది. తెల్లారంగనే రొట్టెల బట్టీకి పోయి, కాగితంల చుట్టిన వేడి ఖుబ్జులు చంకల పెట్టుకొని వచ్చేవరకు అంగీకి రొట్టె వాసన పట్టేది. ఎతియెన్ సార్ కాఫీ కప్పుల తాగడు, చిన్న గిన్నెల పోసుకొని, అందుల రొట్టె ముంచుకొని తింటడు. తిన్నంక బల్ల మీద రాలిన రొట్టె పలుకులన్నీ అరచేత్తో కూడగొట్టి నోట్లేసుకుంటడు. తన మేజోళ్ళు తనే కుట్టుకుంటడు. శుక్రవారం సెలవునాడు గ్లాసెడు ద్రాక్షరసం ముందట పెట్టుకొని కిటికీల నుంచి చూసుకుంట కూచుంటడు. నేనింకా ఇక్కడ విజిట్ వీసా మీదనే ఉన్న కాబట్టి, అది ద్రాక్షరసమేనని మనవి చేసుకుంటున్న.

ఒకనాడు మిగతా సార్లు ఆయనను ఎగతాళి చేస్తున్నరు, నువ్వు దొరలబిడ్డవు, నీకు పైపుల కింద దూరుడేందని. మస్తాన్ అది విని వంటింట్లకొచ్చి నాకు చెప్పిండు. "ఆయప్ప వాళ్ళది జమీందార్ల వంశమంట రా. జనం తిరగబడి తలకాయలు కొట్టేసిన్యారంట." దొర అన్న మాట చెవుల పడంగనే నా ఒంట్లెకెల్లి నేను తప్పుకున్న, మా తాత వచ్చి కూచున్నడు. మా ఊరి దొర ఉండే గడీకి బట్టలు ఉతికిన ఇల్లు మాది. గడీ బట్టకు ఒక పద్ధతి ఉండె. మూడు నీళ్ళల్ల జాడియ్యాలె, నాలుగో నీళ్ళల్ల నీలిమందు, ఆ తర్వాత చిక్కటి గంజి. దొర పంచెను నిలబెడితే నిలబడాలె. నేను ఇంటర్ చదివినోణ్ణి, కూలోళ్ళ సంఘంల జెండా పట్టుకొని "దొరల రాజ్యం నశించాలె" అని గొంతు పోయేటట్టు అరిచినోణ్ణి. అయినా ఆ పొద్దు అన్నం వార్చిన గంజి పారబొయ్యలేదు. ఎతియెన్ సార్ సైటుకు తొడుక్కునే కవరాల్, మెడ నుంచి మడిమల దాకా ఒకటే బట్ట, దాన్ని గంజిల ముంచి, ఆరేసి, ఇస్త్రీ చేసి, తలుపుకు తగిలిచ్చిన. తెల్లారి నా చెప్పులు వంటింటి బయట ఇడిచి, కాఫీ గిన్నె పట్టుకొని సార్ అర్ర గడప ఇవతలనే నిలబడ్డ. గడప దాటలేదు.

పొద్దున ఆయన బయటికి నడిచిపోతుంటే తలుపు నడిచిపోతున్నట్టే ఉండె. మిగతా కథ మస్తాన్ చెప్పిండు. సైటుల పైపు కిందికి దూరుదామంటే మోకాళ్ళు మడవరాలేదట. ఎట్లనో దూరితే, చెమటకు గంజి కరిగి, దుమ్ము అంటుకొని, పగటాల్లకు పిండిల పొర్లిచ్చిన చేప లెక్క అయిండట. మెడ చుట్టూ ఎర్రగ కందింది. అట్లనే నేరుగ వంటింట్లకొచ్చి, ఎందుకు చేసినవని అడిగిండు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటియే. మస్తాన్ మద్రాసు హోటల్ల పని చేసినోడు కాబట్టి నడుమ ఆయన నిలబడ్డడు.

"దొరలకు ఇట్లనే ఉతుకుతం సార్, మా ఇంటి పద్ధతి" అన్న నేను.

మస్తాన్ దాన్ని చెప్పిండు. ఆయన నవ్వుతడనుకున్న. నవ్వలేదు. వంటింటి గడప బయట ఉన్న నా చెప్పుల దిక్కు చూసిండు. ఆ తర్వాత ఆయన వంగి, నా చెప్పులు చేత్తో తీసి, నా కాళ్ళ ముందట పెట్టిండని ఊళ్ళె చెప్తుంట. పెట్టలేదు. కాలితోటి ఇటు నూకిండు. కరిగిన గంజి దుమ్ముతోటి మళ్ళ ఎండి గట్టిపడ్డది, వంగరాలేదు గదా.

ఆ వచ్చిన శుక్రవారం పగటి అన్నం తిన్నంక నన్నూ మస్తాన్‌నూ బల్ల కాడ కూచోమన్నడు. మస్తాన్ కూచున్నడు. నేను కుర్చీ అంచుకు, పక్షి కూచున్నట్టు కూచున్న. ఆయన దగ్గర దగ్గర రెండు వందల ఏండ్ల కిందటి తన ఇంటి కథ చెప్పిండు. వడగండ్లు పడి పంటలు పోయినయట, రొట్టె కొనలేక జనం అల్లాడిన్రట. పన్నులన్నీ పేదోళ్ళ మీదనే, దొరలకు లేవు. రోడ్లేసే పని ఊరోళ్ళు కూలి లేకుండ చెయ్యాలె. "వాళ్ళకు కూడ వెట్టి ఉండెనా?" అన్న, నమ్మలేక. ఉండెనట. దొరలు పావురాలను పెంచేదట, అవి రైతుల ఇత్తనాలు తినిపోతుంటే కొట్టే హక్కు లేదట. మా ఊరి దొర పశువులు మా పెసరచేన్లల్ల పడ్డా అదిలించే హక్కు మాకు లేకుండె. నేను పావురాల జాగల ఎడ్లను పెట్టుకుంట విన్న. కథ రాజు తల కాడికి రాంగనే మస్తాన్ లేచి కిటికీ మూసి, ఏసీ చప్పుడు పెంచొచ్చిండు. "యాడ గూచోని ఏం మాట్లాడతాండారు సామీ, ఈడా రాజే గదా, మెల్లగ చెప్పండి" అన్నడు.

ఎతియెన్ సార్ మెల్లగనే చెప్పిండు. ఊరోళ్ళు గడీ మీదికొచ్చిన్రు, పన్నుల కాగితాలు తీసి కుప్పపోసి తగలబెట్టిన్రు. ఇంటి పెద్దను పట్నం తీసుకపోయి తల తీసిన్రు. తొమ్మిదేండ్ల పిల్ల ఒకతి ఇంట్ల మిగిలింది. ఆ పిల్లను వంటామె పిండి పోసే కర్రపెట్టెల కూచోబెట్టి, మూత మీద తను కూచొని, వచ్చినోళ్ళతోటి మాట్లాడుకుంటనే కూరగాయలు తరిగిందట. మూడు రోజులు అట్ల దాచి, నాలుగోనాడు తన మనుమరాలని చెప్పి ఊరు దాటిచ్చింది. ఆ పిల్ల సంతానమే వీళ్ళంత. "మా వాళ్ళు మంచోళ్ళని నేననను" అన్నడాయన. "వాళ్ళకు కోపం రావాల్సిందే. కని ఆ పిల్ల ఎవరి మీదా పన్ను వెయ్యలేదు." ఇప్పటికీ ఆ ఇంట్ల ఏడాదికోనాడు వంటింట్ల ఒక పళ్ళెం ఎక్కువ పెడతరట, ఆ వంటామె కోసం.

"ఆమె పేరేంది సార్?" అని అడిగిన.

ఏడాదికోనాడు పళ్ళెం పెట్టే ఇంట్ల పుట్టి యాభై ఏండ్లు దాటిన మనిషికి ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు. తెలియదన్నడు. మా పెద్దమ్మకు రాసి అడుగుతనన్నడు. రాసిండు కూడ. నెలన్నరకు జవాబొచ్చింది. నేను బియ్యం ఏరుతున్న, ఆయన నా ఎదురుంగ కూచొని చదువుకున్నడు. మస్తాన్ అడిగితే చెప్పిండు. వాళ్ళింట్ల పాత పుస్తకం ఒకటి ఉన్నదట, వంశమంత అందుల రాసిపెట్టి ఉన్నది. తల పోయినాయన పేరున్నది, పిల్ల పేరున్నది. మూడు గుర్రాల పేర్లున్నయి, ఒక వేటకుక్క పేరున్నది. వంటామె అని మాత్రమే ఉన్నది. ఆయన ఉత్తరం మడిచి చక్కెర డబ్బా కింద పెట్టి, కండ్లు తుడుచుకున్నడు. ఆ రోజు నేను కారం ఎయ్యలేదు, అందుకే నాకు మతికున్నది.

ఇగ ఇప్పుడు నేను దాచిన రెండో కారణం. నేను సౌదీకొచ్చిన కొన్నాళ్ళకే మా ఊరి గడీ మీదికి జనం పోయిన్రు. దొర ముందే పట్నం పారిపోయిండు. ముసలి దొరసాని, ఆయన తల్లి, కాళ్ళు పడిపోయిన మనిషి, లోపల మిగిలింది. ఎన్నేండ్ల కోపమో అది, ఎవరు ఎవరిని ఆపుతరు? ఆ సందుల మా నాయిన గాడిదను తోలుకొని గడీ ఎనుక దర్వాజకు పోయి, దొరసానిని మైలబట్టల మూటల నడుమ పండబెట్టి, మా గుడిసెకు తెచ్చిండు. మూడు రాత్రులు దాచి బస్సెక్కిచ్చిండు. ఊరికి తెలిసింది. మా ఇంటికి నిప్పు బంద్, నీళ్ళ బాయి బంద్, మాట బంద్. ఆ ఊరి వార్త నాకన్న ముందు నేనుండే కూలీల క్యాంపుకు వచ్చింది. పక్కూరి పోరగాండ్లు పది మంది ఉండిరి అండ్ల. "ఏం నర్సిగా, మీ ఇంట్ల దొరసానికి పట్టుపరుపు ఏసిన్రటగా?" "వీనికి సలాం కొట్టున్రిరా, గడీ అల్లుడు." నేను జెండా పట్టినోణ్ణి. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలె? అందుకే వంటకు చెయ్యి లేపి క్యాంపు ఇడిచిపెట్టిన. అందుకే ఇంటికి మాట బంద్ పెట్టిన. అప్పుడు మాకు ఉత్తరాలకన్న క్యాసెట్లే ఎక్కువ. టేప్‌రికార్డర్ ముందట కూచొని మాట్లాడి, ఊరికి పోయేటోని చేతికి ఇచ్చేది. చదువురానోళ్ళు కూడ ఇంటరు. ఎనిమిది నెలలు నేను ఒక్క క్యాసెట్ పంపలే. పైసలు పంపేది, గొంతు పంపకపోయేది. ఇంట్ల నుంచి రెండొస్తే ఇనకుండ పెట్టెల పడేసిన.

గుర్రాల పేర్ల ఉత్తరమొచ్చిన నాడు ఎతియెన్ సార్ అడిగిండు, మీ దిక్కు ఇట్లాంటి కథ ఉన్నదా అని. మస్తాన్ నా దిక్కు చూసిండు, ఆయనకు తెలుసు. నేను చెప్పిన. మొదలుపెట్టినప్పుడు సిగ్గుతోటే చెప్పిన, తప్పు ఒప్పుకున్నట్టు. ఆయన మాత్రం పళ్ళెం పక్కకు జరిపి, బల్ల మీద రెండు చేతులు పెట్టి విన్నడు. "వాళ్ళింటికి వెట్టి చేసిన చేతులే గదా?" అని అడిగిండు. అవునన్న. "ఆ దొరసాని మీ వాళ్ళను ఎన్నడన్న కొట్టిందా?" కొట్టింది, పట్టుచీరకు ఇస్త్రీ మచ్చ పడ్డదని చెంప మీద. అది మస్తాన్ ఇంగ్లీషుల చెప్పిండు. ఆయన ఒక్కటే అన్నడు, ఇప్పటికీ గంజి పెట్టినట్టు నిలబడే మాట. "మా పుస్తకంల పేరు రాయని మనిషి లాంటోళ్ళు నీకు ముఖాముఖి తెలుసు. నువ్వు వాళ్ళతో మాట్లాడతలేవు."

ఆ సాయంత్రమే ఖాళీ క్యాసెట్ కొనుక్కొచ్చిన. మస్తాన్ భాయ్ బటన్ నొక్కి పట్టుకుంటే నేను మాట్లాడిన. నాయినా, నువ్వు చేసింది నాకు అప్పుడు సమజ్ కాలేదు, ఇప్పుడు అయింది అన్న. ఊరోళ్ళ కోపం తప్పు కాదు, నీ పనీ తప్పు కాదు అన్న. రెండు నెలలకు జవాబు క్యాసెట్ వచ్చింది. అందుల నాయిన దగ్గు, గాడిద ఓండ్ర, ఎనుక ఎవరో పొయ్యి ఊదుతున్న చప్పుడు. "మంచిగున్నవా బిడ్డా, అన్నం తింటున్నవా" అన్న ఒక్క మాటను వందసార్లన్న తిప్పి తిప్పి విన్న, టేపు సాగి గొంతు మారిపోయేదాక.

ఇప్పుడు ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంట. మూడేండ్లు కాదు, పదకొండు నెలలు. రాజవంశమూ కాదు. ఎతియెన్ సార్ ముత్తాతలది నాలుగు ఊర్ల చిన్న దొరతనం. తిరుగుబాటు తర్వాత ఆ ఇంట్ల బడిపంతుళ్ళు, పశువుల డాక్టర్లు పుట్టిన్రు. ఆయనకు అక్కడ ఉన్నది రెండర్రల ఇల్లు, ఒక మేకల కొట్టం, వాన పడితే కారే కప్పు. నేను ఆ వంశాన్ని నిలబెట్టలేదు, కారంతోటి కడుపుమంట పెట్టిన. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటరు, నాది అతికి అతికి అసలు బట్ట కనబడకుండ అయింది.

ఇప్పుడు మా ఊరి గడీల సగం గోడలు పడిపోయినయి. మిగిలిన సగం కాడికి పెండ్లి కుదిరిన పిల్లలు ఫొటోలు దిగనీకి వస్తున్నరు. అద్దె షేర్వాణీ ఏసుకొని, నన్ను కన్న మా అవ్వ మైలబట్టల కోసం ఎదురుచూసిన ఆ ఎనుక దర్వాజ కాడనే, రాజు లెక్క నిలబడతరు. అండ్ల మా వాడకట్టు పిల్లలు కూడ ఉంటరు. చూసి నవ్వాల్నో ఏడ్వాల్నో తెలియక, ఫొటో మంచిగున్నదని అంట. యాన్బుల అల్లుడు రోజూ తన తల్లితోటి వీడియోల మాట్లాడతడు. అలిగి మాట్లాడకుంటే ఫోన్ల నీలిగీతలే పట్టిస్తయి, చూసి కూడ పలకలేదని. ఎనిమిది నెలలు గొంతు దాచుకునే వసతి ఈ కాలపు పిల్లలకు లేదు. అది మంచికే అనుకుంట. కని ఒక మనిషి గొంతు కోసం రెండు నెలలు ఎదురుచూసి, అది వచ్చినంక టేపు సాగేదాక విన్న సుఖం కూడ వీళ్ళకు లేదు.

ఇంతవరకు రాసి, నిన్న పగటీలి సుజాతను తోలుకొని మస్తాన్ భాయ్ దుకాణానికి పోయి, ఆయనకు చదివి వినిపిచ్చిన. గంజి కాడ నవ్విండు, కిటికీ కాడ "అవునురా, మూసింటి" అన్నడు. గాడిద కాడికొచ్చేవరకు నవ్వు ఆగింది. కళ్ళద్దాలు తీసి గల్లా మీద పెట్టిండు. పదకొండు నెలల కాడ మాత్రం "పది" అన్నడు. నేను ఆఖరుదాక చదివి, ఎట్లున్నదని అడిగిన.

"దొరసానిని దాసింది మీ నాయన గాదు గదరా" అన్నడు.

సుజాత నా దిక్కు చూసింది. చెప్పీ చెప్పీ అట్ల అయిందేమో భాయ్, కథకు అట్లయితే కుదురుతదని, అని ఏదో గొణిగిన.

"కుదిరేదేందిరా? మీ నాయన ఆ పొద్దు గడీ మీదికి పోయిన గుంపులో ముందర ఉన్న్యాడు. గాడిదను తోలకపోయింది మీ యమ్మ. చెంప దెబ్బ తిన్న్యది మీ యమ్మ. మీ నాయన ఆర్నెల్లు ఆమెతో మాట్లాడల్యా, నువ్వు ఎనిమిది నెలలు మాట్లాడల్యా. క్యాసెట్టులో 'అవ్వా' అని ఏడ్చినావు, బటన్ పట్టుకోనుండింది నేను. వచ్చిన క్యాసెట్టులో మాట్లాడిందీ ఆమే. మీ నాయన ఎనకమాల దగ్గినాడు, అంతే."

ఆయన నా నోటుబుక్కు తీసి సుజాత చేతిల పెట్టిండు. "ఆ ఫ్రెంచాయన పాపం పేరు దొరక్క ఏడ్చినాడు. మీ బాపుకు వాళ్ళమ్మ పేరు తెలిసి గూడ రాయల్యా. నువ్వు రాయి తల్లీ. ఎల్లవ్వ."